తేజ్‌పూర్ కుర్చీ

సేనాపతుల ఆత్మకథలంటే నాకు పిచ్చి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తిరగేసేది ఎక్కువగా వాటికోసమే. గెలిచిన యుద్ధాల గురించి రాసినవి చప్పగా ఉంటాయి. ఓడిపోయిన యుద్ధాల గురించి రాసినవి మాత్రం కింద పెట్టబుద్ధి కాదు. గెలిచినవాడికి పతకాలుంటాయి, సన్మానాలుంటాయి. ఓడినవాడికి తన మాట చెప్పుకోవడం ఒక్కటే మిగులుతుంది. 1962 చైనా యుద్ధం మీద మన అధికారులు రాసినవే ఒక అర నిండుతాయి. కోర్ కమాండర్ బి.ఎం. కౌల్ రాశాడు. ఆయన కింద డివిజన్ నడిపిన నిరంజన్ ప్రసాద్ రాశాడు. ఆ డివిజన్‌లో ఒక బ్రిగేడ్‌ను నడిపి, చైనావాళ్ల చేతికి చిక్కిన జాన్ దల్వీ రాశాడు. ఢిల్లీలో మ్యాపుల ముందు కూర్చున్న డి.కె. పాలిత్ రాశాడు. ఒకరి పుస్తకంలో ముద్దాయి ఇంకొకరి పుస్తకంలో సాక్షి. తన పుస్తకంలో తానే ముద్దాయిగా నిలబడ్డవాడు మాత్రం ఒక్కడూ లేడు.

వీళ్ల కథలన్నీ తిరిగి తిరిగి అస్సాంలో బ్రహ్మపుత్ర ఉత్తరపు ఒడ్డున ఉన్న తేజ్‌పూర్‌కు చేరతాయి. 1962 అక్టోబర్ మొదటివారంలో అక్కడ నాలుగో కోర్ అని కొత్త విభాగాన్ని హడావుడిగా పుట్టించారు. ఆ తరువాతి తొమ్మిదేళ్లలో ఆ కోర్ కమాండర్ కుర్చీలో కూర్చున్నవాళ్లలో నలుగురు నన్ను వదలరు. కౌల్, హర్‌బక్ష్ సింగ్, సామ్ మానెక్‌షా, సగత్ సింగ్. పదవి ఒకటే, సైన్యమూ దాదాపు అదే. నలుగురి చేతుల్లో అది నాలుగు రకాలుగా నడిచింది.

మనవాళ్లకు సేనాధిపతుల జాబితా కొత్త కాదు. కౌరవుల సేనానులెవరంటే భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, శల్యుడు, ఆఖరున అశ్వత్థామ అని హరికథలు విన్న ముసలమ్మలు కూడా గుక్క తిప్పుకోకుండా చెప్తారు. పాండవుల సేనాని ఎవరని అడిగి చూడండి. కృష్ణుడంటారు, అర్జునుడంటారు, కాస్త ఆలోచించి భీముడంటారు. ధృష్టద్యుమ్నుడి పేరు చెప్పేవాళ్లు తక్కువ. యుద్ధమంతా సేనాపత్యం ఆయనదే. అటువైపు భీష్ముడికీ కర్ణుడికీ పడక, భీష్ముడు నిలబడి ఉన్నన్నాళ్లూ కర్ణుడు ఆయుధమే పట్టలేదు. ఇటువైపు సేనానికీ కింది వీరులకూ మధ్య అలాంటి పంచాయతీ ఏదీ మనకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఆయన పనితనమేమోనని నాకొక అనుమానం.

అయినా ఆ సేనానులందరూ రథమెక్కి జనానికి కనబడుతూ యుద్ధం చేసినవాళ్లే. టెలిఫోన్ వచ్చాక సేనాని వెనక్కి వెళ్లిపోయాడు. 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సొమ్ దగ్గర బ్రిటిష్ కాల్బలం ఉదయం ఏడున్నరకు కందకాల్లోంచి లేచింది. లేచిన కాసేపటికే ముందుకు లాగిన ఫోన్ తీగలు ఫిరంగి గుండ్లకు తెగిపోయాయి. ఇక కబురంటే పరుగెత్తుకొచ్చే మనిషి, లేదా పావురం. ఆ ఒక్క రోజులో 57,470 మంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా గల్లంతయ్యారు. వాళ్లలో చనిపోయినవాళ్లే 19,240 మంది. మర్నాడు సర్వసేనాని డగ్లస్ హేగ్ నష్టం నలభై వేలకు పైనేనన్న అంచనా విని, దిగిన సేన పరిమాణానికి అదేమంత ఎక్కువ కాదని డైరీలో రాసుకున్నాడు. అప్పటినుంచి భవంతుల్లో కూర్చుని జనాన్ని చంపించే జనరల్ అనే బొమ్మ లోకంలో స్థిరపడిపోయింది. దానికి విరుగుడుగా, మంచి సేనాని అంటే జవాన్ల పక్కన బురదలో నిలబడేవాడు అనే నమ్మకమూ పుట్టింది. మన సినిమాలకు ఈ రెండో బొమ్మ చాలా ఇష్టం.

కౌల్ కథ చదివాక నాకు ఆ నమ్మకం పోయింది.

కౌల్ పిరికివాడు కాదు, సోమరి అంతకన్నా కాదు. సరఫరా విభాగం నుంచి పైకొచ్చినవాడు, పోరాడే దళాన్ని యుద్ధంలో నడిపిన అనుభవం లేనివాడు, నెహ్రూకు ఇష్టుడు. కోర్ పగ్గాలు అందుకున్న మూడు నాలుగు రోజులకే సరిహద్దులోని ఢోలా పోస్టు వైపు కొండలెక్కాడు. ఆ ఎత్తులో ఊపిరాడక కొంతదూరం ఒక టిబెటన్ కూలీ వీపు మీద ప్రయాణం చేశాడు. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. నామ్కా చూ వాగు ఒడ్డున, వేసవి బట్టల్లో వణుకుతున్న దల్వీ బ్రిగేడ్ దగ్గర దిగాడు. ఇంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ దిగిన దగ్గర్నుంచీ చేసిన పనేమిటంటే ఏ కంపెనీ ఏ గట్టు ఎక్కాలో తానే చెప్పడం, తన పైనున్న తూర్పు కమాండ్‌ను దాటేసి ఢిల్లీకి పొడుగాటి సందేశాలు పంపడం. వేల జవాన్లకు బూట్లు, మందుగుండు, కంబళ్లు ఎలా చేరతాయో చూడాల్సిన మనిషి, యాభై మంది జవాన్లు ఎక్కడ గుంత తవ్వాలో చూస్తున్నాడు. ఆయన కోర్ కమాండర్. ఆ నాలుగు రోజులు ఆ వాగు ఒడ్డున ఇద్దరు బ్రిగేడియర్లున్నారు, కోర్ కమాండర్ మాత్రం లేడు.

అక్టోబర్ 10 పొద్దున్న సెంగ్‌జోంగ్ అనే చోట పంజాబ్ రెజిమెంట్ చిన్న దళం మీద చైనా బెటాలియన్ విరుచుకుపడింది. కౌల్ తన కళ్లతో చూశాడు. దల్వీ రాసిన ప్రకారం, అంతదాకా చెబుతున్న హెచ్చరికలు నిజమేనని ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది. తెలిసొచ్చాక ఇది బ్రిగేడ్ చూసుకోవాల్సిన యుద్ధమని దల్వీకి అప్పగించి ఢిల్లీ బయల్దేరాడు. తేలికగా ఉన్నప్పుడు బ్రిగేడ్ పని తాను చేసి, కష్టమయ్యాక బ్రిగేడ్‌కే వదిలేశాడన్న కోపం దల్వీ వాక్యాల్లో ఇప్పటికీ చల్లారలేదు. ఢిల్లీలో మర్నాటి రాత్రి ప్రధాని ఇంట్లో సమావేశం జరిగింది. చూసొచ్చినవాడు ఆయనొక్కడే. ఆ దళం అక్కడ ఒక్కరోజు కూడా ఉండకూడదు, వెనక్కి తీసేద్దాం, నా ఉద్యోగం పోయినా సరే అని బల్ల గుద్ది చెప్పాల్సిన మనిషీ ఆయనే. ఆ మాట ఆ గట్టిదనంతో బయటికి రాలేదు. బ్రిగేడ్ వాగు ఒడ్డునే ఉండిపోయింది. అక్టోబర్ 12న నెహ్రూ కొలంబో వెళ్తూ, మన నేలను విడిపించమని సైన్యానికి చెప్పామని విలేకరులతో అన్నాడు. ఆ తరువాత కౌల్‌కు జబ్బు చేసింది. ఢిల్లీలో ఇంట్లో మంచం మీదినుంచే కోర్‌ను నడిపాడు. 20వ తేదీ తెల్లవారుజామున నామ్కా చూ మీద చైనా ఫిరంగులు మోగాయి. పొద్దెక్కేసరికి బ్రిగేడ్ లేదు. దల్వీ 22న పట్టుబడ్డాడు.

నేరమంతా కౌల్ నెత్తిన రుద్దడం తేలిక. ఇన్నాళ్లూ చేసింది అదే. కానీ సెప్టెంబర్ 22 నాటి సమావేశం సంగతి చూడండి. రక్షణమంత్రి కృష్ణమీనన్ న్యూయార్క్‌లో ఉన్నాడు. అధ్యక్షత వహించింది మన గుంటూరు ఎంపీ, రక్షణశాఖ సహాయమంత్రి కొత్త రఘురామయ్య. చైనావాళ్లను కదిలిస్తే లద్దాఖ్‌లో బదులు తీర్చుకుంటారని సైన్యాధ్యక్షుడు పి.ఎన్. థాపర్ చెప్పాడు. మహా అయితే ఒకటి రెండు పోస్టులు పోతాయని విదేశాంగ కార్యదర్శి అన్నాడు. అప్పుడు థాపర్ అయితే నాకు రాతపూర్వకంగా ఇవ్వండన్నాడు. ఇచ్చారు. ఒక జాయింట్ సెక్రటరీ సంతకంతో కాగితం వచ్చింది, చైనావాళ్లను వెళ్లగొట్టమని. థాపర్ ఆ కాగితం పుచ్చుకుని అమలుకు దిగాడు.

నాకు ఆ యుద్ధం మొత్తంలో అన్నిటికంటే దిగులు పుట్టించేది ఈ ఘట్టం. పని కాదని తెలుసు. కాదని చెప్పగల హోదా ఉంది. అయినా అడిగింది కాగితం. ప్రభుత్వాఫీసులో పనిచేసిన ప్రతివాడికీ ఆ కాగితం తెలుసు. రేపు ఆడిట్ వస్తే చూపించడానికి ఫైల్లో పెట్టుకుంటాం. సైన్యాధ్యక్షుడికి కూడా అదే బుద్ధి పుట్టడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ ఫైలు కింద ఉన్నది లెక్క తేలని సిమెంటు బస్తాలు కాదు.

కాదన్నవాడు ఒకడున్నాడు. అప్పటికి ఆ ప్రాంతమంతా చూస్తున్న ముప్పై మూడో కోర్ కమాండర్ ఉమ్రావ్ సింగ్. సరుకులు ఇంతింత ఉంటే తప్ప కదలలేనని లెక్కలు వేసి మరీ రాశాడు. ఆయన్ని అక్కణ్ణించి తప్పించారు. నాలుగో కోర్ పుట్టింది ఆ ఖాళీలోనే. తేజ్‌పూర్ కుర్చీని చేయించిందే, కాదన్నవాణ్ణి పక్కన పెట్టడానికి.

ఇక నవంబర్ 17 సాయంత్రం. నామ్కా చూ పోయాక మనవాళ్లు నిలబడాల్సిన సేలా కనుమ దాదాపు 14,000 అడుగుల ఎత్తులో ఉంది. పట్టుగా నిలబడితే దాటడం కష్టమైన చోటు. వెనక దిరాంగ్‌లో ఉన్న డివిజన్ కమాండర్ ఎ.ఎస్. పఠానియా తేజ్‌పూర్‌కు ఫోన్ చేసి, సేలా వదిలి వెనక్కి రావడానికి అనుమతి అడిగాడు. జబ్బు నుంచి లేచి మళ్లీ కుర్చీలోకి వచ్చిన కౌల్ ఆ పగలు ఇంకో యుద్ధరంగమైన వాలోంగ్ వైపు వెళ్లాడు, ఇంకా తిరిగి రాలేదు. హెడ్‌క్వార్టర్స్‌లో ఎవరున్నారు? సైన్యాధ్యక్షుడు థాపర్. తూర్పు కమాండ్ అధిపతి ఎల్.పి. సేన్. ఇద్దరూ కౌల్‌కు పైవాళ్లే. ఫోన్ చేతిలో ఉంది, అవతల ఒక డివిజన్ ప్రాణం ఉంది. ఇద్దరూ ఔననలేదు, కాదనలేదు. కౌల్ రానీ అన్నారు. రాత్రి కౌల్ వచ్చాడు. వెనక్కి రమ్మన్నాడు, కాసేపటికి వద్దన్నాడు. చివరికి వెళ్లిన ఆదేశం సారాంశం, నిలబడగలిగినంతసేపు నిలబడండి, నిలబడలేనప్పుడు వచ్చేయండి. దీన్ని ఆజ్ఞ అని ఎలా అంటాం? గెలిస్తే నిలబడమన్నాం కదా అనొచ్చు, ఓడితే రమ్మన్నాం కదా అనొచ్చు. ఆ రాత్రే సేలా బ్రిగేడ్ కదిలిపోయింది. దాన్ని నడిపిన హోషియార్ సింగ్ తిరుగుదారిలో చనిపోయాడు. మర్నాడు వెనకనున్న బోమ్డిలా పడిపోయింది. రెండు రోజుల్లో తేజ్‌పూర్ ఊరే ఖాళీ అయింది, స్టేట్ బ్యాంకువాళ్లు నోట్ల కట్టలు తగలబెట్టారు. నవంబర్ 21న చైనా తనంతట తానే కాల్పులు ఆపేసింది. థాపర్ రాజీనామా చేశాడు. ఆయన స్థానంలోకి వచ్చింది తెలంగాణవాళ్లకు బాగా తెలిసిన పేరే: 1948 పోలీసు చర్యలో హైదరాబాదు మీదికి సేన నడిపి, తరువాత ఇక్కడే మిలిటరీ గవర్నరుగా ఉన్న జె.ఎన్. చౌదరి.

కాగితం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1944 జూన్‌లో నార్మండీ దాడికి ఆజ్ఞ ఇచ్చాక ఐసెన్‌హోవర్ ఒక చిన్న చీటీ రాసి పర్సులో పెట్టుకున్నాడు. దాడి విఫలమైతే చదవడానికి. సేనలు వెనక్కి వచ్చేశాయన్నట్టు మొదట రాసి, అది కొట్టేసి, సేనలను నేనే వెనక్కి తీశానని దిద్దాడు. తప్పంటూ ఉంటే అది నా ఒక్కడిదేనని ముగించాడు. కంగారులో తేదీ కూడా తప్పు వేశాడు, జూన్‌కు బదులు జులై అని. థాపర్ కాగితం పైవాళ్ల దగ్గర అడిగి పుచ్చుకున్నది. ఇది తన మీద తానే రాసి ఇచ్చుకున్నది.

నామ్కా చూ పడిపోయాక, కౌల్ ఇంకా జబ్బులో ఉండగా, నాలుగైదు రోజులు ఆ కుర్చీలో హర్‌బక్ష్ సింగ్ కూర్చున్నాడు. సేలా దగ్గర గట్టిగా నిలబడాలని ఏర్పాట్లు మొదలుపెట్టేలోపే కౌల్ తిరిగొచ్చాడు. ఆయన్ని అక్కడే ఉండనిచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడమే. అయితే 1965లో ఆయన పశ్చిమ కమాండ్ అధిపతి. ఆయన తరువాత చెప్పిన ప్రకారం, పాకిస్తాన్ ట్యాంకులు ఖేమ్‌కరణ్ దాటి వస్తున్న వేళ సైన్యాధ్యక్షుడు చౌదరి బియాస్ నది వెనక్కి తగ్గుదామన్నాడు. ఇంత పెద్ద మాట నోటితో చెబితే చాలదు, రాసి ఇవ్వండి అన్నాడు హర్‌బక్ష్. అంటే ఈయనా కాగితమే అడిగాడు. కానీ థాపర్ పని చేయడానికి అడిగాడు, ఈయన పని ఆపడానికి అడిగాడు. కాగితం రాలేదు. అసల్ ఉత్తర్‌లో చెరుకు తోటల మధ్య, నీళ్లు వదిలిన పొలాల్లో పాటన్ ట్యాంకులు దిగబడిపోయాయి.

1962 యుద్ధం ఆగిన కొద్దిరోజులకే కౌల్ స్థానంలోకి మానెక్‌షా వచ్చాడు. అంతకుముందు ఆయన మీద విచారణ నడిచింది, నిలవలేదు. వస్తూనే, రాతపూర్వక ఆజ్ఞ లేనిదే వెనక్కి తగ్గేది లేదు, ఆ ఆజ్ఞ ఎన్నటికీ రాదు అని అధికారులతో చెప్పాడని సైన్యంలో చెప్పుకుంటారు. సామ్ గురించి చెప్పుకునే కథల్లో సగం కొంచెం తగ్గించి వినాల్సినవే. 1971 ఏప్రిల్‌లో సైన్యాధ్యక్షుడిగా ఇందిరాగాంధీ మంత్రివర్గం ఎదుట ఇప్పుడు పాకిస్తాన్‌తో యుద్ధం వద్దు, వానాకాలం వస్తోంది, హిమాలయ కనుమలు తెరుచుకుంటాయి, ట్యాంకులు సిద్ధంగా లేవు, కాదంటే రాజీనామా చేస్తానన్నాడన్న కథ అలాంటిదే. చెప్పినవాడూ ఆయనే, అందులో హీరో కూడా ఆయనే. అసలు ప్రభుత్వానికే ఆ వేసవిలో యుద్ధానికి దిగే ఉద్దేశం లేదని చరిత్రకారులు కొందరు వాదిస్తారు. ఉండొచ్చు. కానీ 1962లో ఇదే మాట ఇదే సూటిదనంతో చెప్పేవాడు ఒక్కడుండి ఉంటే ఏమయ్యేది? యుద్ధం డిసెంబర్‌లో వచ్చింది. పదమూడు రోజుల్లో ముగిసింది.

ఆ పదమూడు రోజుల్లో నాలుగో కోర్ మళ్లీ రంగంలో ఉంది, త్రిపుర వైపు. కుర్చీలో సగత్ సింగ్. 1965లో చైనా హెచ్చరికకు జడిసి పక్క డివిజన్ జెలెప్‌లా కనుమ ఖాళీ చేసినా, తాను నాథూలా వదలనని కూర్చున్నవాడు. ఇప్పుడు ఆయనకు పైనుంచి వచ్చిన పని మేఘనా నది దాకానే. డిసెంబర్ 9న ఆ నది మీది రైలు వంతెనను పాకిస్తాన్ సైన్యం పేల్చేసింది. ఇక్కడితో ఆగితే ఎవరూ తప్పుపట్టరు. ఆయన ఆగలేదు. చేతిలో ఉన్న కొద్దిపాటి ఎంఐ-4 హెలికాప్టర్లతో గార్డ్స్ బెటాలియన్‌ను విడతలు విడతలుగా అవతలి ఒడ్డుకు దించేశాడు. ఢాకా దారి తెరుచుకుంది. పై అధికారి అరోరా ఫోన్లో కేకలు వేశాడని చెబుతారు. సగత్ కూడా కౌల్ లాగే ముందుకు వెళ్లి చూసే రకం. ఆయన ఎక్కిన హెలికాప్టర్ మీద కాల్పులు జరిగి పైలట్ గాయపడ్డాడు కూడా. అయితే సగత్ వెళ్లింది నది ఎక్కడ దాటొచ్చో చూడటానికి. దాటే పని దాటేవాళ్లకే వదిలాడు.

ఆ కోర్‌లోనే ఎనిమిదో పర్వత డివిజన్‌ను నడిపినవాడు మన తెలుగువాడు, మేజర్ జనరల్ కె.వి. కృష్ణారావు; తరువాత సైన్యాధ్యక్షుడయ్యాడు. సిల్హెట్ దగ్గర డిసెంబర్ 7న ఆ డివిజన్‌కు చెందిన గూర్ఖా బెటాలియన్ ఒకటి హెలికాప్టర్లలో దిగింది. పూర్తి బలం కూడా లేదు. బీబీసీ మాత్రం ఏకంగా బ్రిగేడ్ దిగిందని చెప్పేసింది. గూర్ఖాలు ఆ పొరపాటును దిద్దలేదు. బ్రిగేడ్ ఉన్నట్టే విశాలంగా పరుచుకుని నిలబడ్డారు. తమకంటే ఎన్నో రెట్లున్న శత్రుసేన చివరికి వాళ్లకే లొంగిపోయింది. ఇంత నాటకం జరుగుతుంటే పై సేనాని చేసిన గొప్ప పని, మధ్యలో ఫోన్ చేసి కంపెనీలు ఎక్కడెక్కడ ఉన్నాయని అడగకపోవడం.

విశాఖవాళ్లకు ఈ యుద్ధం అంటే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన సినిమా చూసినవాళ్లకు సముద్రం అడుగున కెప్టెన్ల పంతాలు గుర్తుంటాయి. నాకు మాత్రం తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ బల్ల మీది కాగితాలు ఇష్టం. ఘాజీ వెతుకుతున్నది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌కేమో బాయిలర్ జబ్బు. దాన్ని చడీచప్పుడు లేకుండా అండమాన్ల వైపు దాచేసి, రేపో మాపో పక్కన పెట్టబోతున్న పాత రాజ్‌పుత్ నౌకను విక్రాంత్ లాగా నటించమన్నాడు. వైర్‌లెస్‌లో పెద్ద నౌకకు తగ్గ సందడి చేయించాడు. వేలమంది తినేంత సరుకులకు ఆర్డర్లు పెట్టించాడు. నౌకలోని ఒకడు తల్లి ఆరోగ్యం గురించి అడుగుతున్నట్టు రహస్య లిపి లేకుండా ఒక టెలిగ్రాం ఇప్పించాడు. శత్రువు వినాలనే. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట పెద్ద పేలుడు. తీరంలో కిటికీలు అదిరాయి. తొంభై మందికి పైగా మనుషులతో ఘాజీ మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన బాంబులకా, తాను పరిచిన మైనుకేనా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. కానీ దాన్ని అక్కడిదాకా రప్పించింది సరుకుల పట్టీ. ఢాకా లొంగుబాటు ఫొటోలో సంతకం పెడుతున్న పాకిస్తాన్ జనరల్ నియాజీ, పక్కన అరోరా అందరికీ తెలుసు. వెనక నిలబడ్డవాళ్లలో సగత్ సింగ్ ఉన్నాడు, ఈ కృష్ణన్ కూడా ఉన్నాడు.

ఇప్పుడు సేనానికి కొత్త గండం వచ్చింది. వియత్నాంలో కింద ఒక కంపెనీ పోరాడుతుంటే పైన హెలికాప్టర్లో బెటాలియన్ కమాండర్, ఆ పైన బ్రిగేడ్ కమాండర్, ఇంకా పైన జనరల్ తిరుగుతూ సలహాలిచ్చేవాళ్లు. ఇవాళ హెలికాప్టర్ కూడా అక్కర్లేదు. డ్రోన్ పంపే బొమ్మ నేరుగా రాజధానిలో తెర మీదికే వస్తుంది. సంజయుడి మాటల్లో యుద్ధాన్ని విన్న ధృతరాష్ట్రుడు వినడమే తప్ప మధ్యలో ఆజ్ఞలివ్వలేకపోయాడు. ఇప్పటివాళ్లు చూడనూ గలరు, చెప్పనూ గలరు. 2011 మే నాటి బిన్ లాడెన్ దాడి ఫొటోలో ఒబామా ఒక మూల చిన్న కుర్చీలో ఒదిగి ఉంటాడు. బల్ల దగ్గర ప్రధానమైన కుర్చీలో ల్యాప్‌టాప్ ముందున్నవాడు ఒక బ్రిగేడియర్ జనరల్. దాడి నడిపినవాడు అక్కడ కూడా లేడు, అఫ్ఘానిస్తాన్‌లో ఉన్నాడు. అంత నిగ్రహం అందరికీ ఉంటుందని నాకు నమ్మకం లేదు. తెర ముందు కూర్చున్న ప్రతి పెద్దమనిషిలోనూ నామ్కా చూ ఒడ్డున గుంతలు చూపిస్తున్న కౌల్ కాస్తో కూస్తో ఉంటాడు.

తేజ్‌పూర్‌లో జరిగినదాని మీద జె.ఎన్. చౌదరి వేసిన విచారణ ఒకటుంది. లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ పి.ఎస్. భగత్ 1963లో నివేదిక ఇచ్చారు. 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ విలేకరి దానిలో కొంత భాగం బయటపెట్టాడు. మన ప్రభుత్వం మాత్రం, ఏ పార్టీదైనా సరే, ఇంతవరకు విడుదల చేయలేదు. దానికి ఇప్పటికీ సైనిక ప్రాముఖ్యం ఉందని 2010లో రక్షణమంత్రి పార్లమెంటుకు చెప్పాడు. అందులో ఉన్న సేనానులెవరూ ఇవాళ బతికి లేరు. ఆ నివేదికను పూర్తిగా అచ్చువేసి, కాలేజీ కుర్రాళ్లు కూడా కొనుక్కునే ధరకు అమ్మాలి. ఈ డిమాండ్‌ను మన ఎంపీల్లో ఒక్కరైనా ఈసారి సభలో లేవనెత్తాలి.